అద్దం కింద ఉక్కు గుళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికైనా ఒకటే మందు, వలిసె నూనె. కూరలో అదే, తలకు అదే, దీపంలో అదే, తలుపు కిర్రుమన్నా అదే. చలికాలం వచ్చేసరికి మా కొండవాలంతా వలిసె పూలతో పసుపుపచ్చగా మారిపోయేది. ఆ గింజలు గానుగ ఆడించి తెచ్చిన నూనెను మా తాతయ్య డబ్బాల్లో దాచి, మనుషులతో పాటు తన సైకిల్‌కూ పోసేవాడు. మనం తినేదే దానికీ పెట్టాలని ఆయన లెక్క. మా ఊరికి టీవీ ఇంకా రాని తొంభైల నాటి మాట ఇది.

ఏడాదిగా ఆ సైకిల్ బరువెక్కింది. పెడల్ తొక్కితే దమ్ము పొలంలో కాళ్లీడ్చినట్టుండేది. తాతయ్య ఇంకాస్త నూనె పోసేవాడు. రెండు రోజులు తేలికయ్యేది, మళ్లీ మొదటికొచ్చేది. నేను ఏడో తరగతి పాసైన ఆ వేసవిలో ఆయన విసిగిపోయి, "ముసిలిదైపోనాది" అని తేల్చేశాడు. వచ్చే సంతలో దాన్ని ఇచ్చేసి మేకల జత తెస్తానన్నాడు. మేకలు వస్తే కాసేది నేనే. హైస్కూలేమో ముంచింగిపుట్టులో ఉంది. హాస్టల్లో సీట్లు నిండిపోయాయి. మా ఊరి నుంచి రోజూ నడిచి వెళ్లి వచ్చే దూరం కాదు. ఆ సైకిల్ పోతే నా ఎనిమిదో తరగతి పోయినట్టే.

ముంచింగిపుట్టు వారం సంతలో మా అవ్వ అడ్డాకుల కట్టలు పెట్టుకుని కూర్చునేది, నేను అక్కడి శాఖా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. ఒకే గది, రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల. కథల పుస్తకాలు అయిపోయాక మిగతావన్నీ అందుకున్నాను. బీరువాలో దేన్నీ వదిలే అలవాటు నాకు లేదు. రంగుల తయారీ గురించిన పుస్తకంలో, కొన్ని గింజల నూనెలు గాలి తగిలితే ముందు బంకలా, తర్వాత గట్టి పొరలా ఎండిపోతాయని చదివాను. తాతయ్య మేకల మాట ఎత్తిన రోజు కూడా సంతే. ఆ రోజు సైకిల్ మరమ్మతు పుస్తకం వెతికి పట్టుకున్నాను. పెడళ్ల మధ్య గొట్టంలో ఒక ఇరుసు ఉంటుందనీ, దానికి అటూ ఇటూ ఉక్కు కప్పులూ, కప్పుల్లో ఉక్కు గుళ్లూ ఉంటాయనీ, వాటికి గ్రీజే పెట్టాలనీ అందులో ఉంది. రెండు పుస్తకాలూ నా తలలో ఒకచోట కలిశాయి. ఆ క్షణం కలిగిన సంతోషానికి సాటి వచ్చేవి తర్వాత జీవితంలో కొన్నే.

ఇంటికొచ్చి చెబితే తాతయ్య నవ్వాడు. "నూనె పోస్తే బిగిసిపోతాదేటే గుంటా? మరి నీ బుర్ర బిగిసిపోనేదేటి?"

నేను వెళ్లి మూలనున్న పాత నూనె డబ్బా తెచ్చి మూత అంచు చూపించాను. తేనె రంగు పొర ఒకటి అట్టకట్టి ఉంది. తాతయ్య గోటితో గీకాడు. ఊడలేదు. మళ్లీ గీకి, గోరు వాసన చూసి, "సరే, ఇప్పు. సంతనాటికి తిరిగితే సైకిలు, నేకపోతే మేకలు" అన్నాడు.

పక్కింటి అక్క పెనిమిటి జీపు నడిపేవాడు. స్పానర్లు, సుత్తి, గ్రీజు డబ్బా ఆయనవే. "ఇయ్యాల పుస్తకం సదివి సైకిలిప్పుతున్నావు, రేపు నా జీపు జోలికి రాకే తల్లీ" అంటూనే అన్నీ ఇచ్చాడు. పెడల్ కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే పిన్నును కొట్టేటప్పుడు కింద దన్ను ఉండాలని పుస్తకం చెప్పింది. తాతయ్య కర్రమొద్దు ఆనించి పట్టుకున్నాడు, నేను కొట్టాను. ఎడమ పక్క కప్పు విప్పి చూస్తే గుళ్లు విడివిడిగా లేవు. పనస బంకలో పెట్టి ముద్ద చేసినట్టు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తాతయ్య ఆ బంకను వేలితో తాకి, "మన నూనే" అన్నాడు. ప్రేమగా పోసిందే దాన్ని బిగించేసింది. ఆ వేలిని పంచెకు తుడుచుకుని, "ఇంక తలకే రాసుకుందాం" అన్నాడు.

అన్నిటినీ కిరసనాయిల్లో నానబెట్టి కడిగాను. కప్పుల లోపల వేలు తిప్పితే గరుకు తగల్లేదు, అవి బాగానే ఉన్నాయి. గుళ్లలోనే కొన్నిటికి పెచ్చులూడాయి. జీపు బావ ముంచింగిపుట్టు వెళ్తుంటే పోల్చుకోవడానికి ఒక గుండు ఇచ్చి కొత్తవి తెమ్మన్నాను. ముందు చక్రంలో వేసేవి ఇంతకంటే చిన్నవి, చూపుకు తేడా సరిగా తెలియదు. తీరా చూస్తే షాపులో ఆ సైజువి ఒక్క పొట్లమే మిగిలిందట. అవి ఒక పక్క కప్పుకే సరిపోతాయి.

నాకో దారి తట్టింది. పెచ్చులూడినవి తీసేసి, రెండు కప్పుల్లోనూ గ్రీజు పూసి, ఒక కొత్తది, పక్కనే ఒక పాతది, మళ్లీ ఒక కొత్తది చొప్పున పేర్చాను. అటూ ఇటూ సమానం. పాతవాటికి కొత్తవి సాయం. చూడటానికి కూడా ముచ్చటగా ఉంది. గుళ్లన్నీ ఒకేసారి మార్చాలని పుస్తకంలో ఉంది గానీ ఎందుకో రాయలేదు. ఎందుకో రాయని మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

తాతయ్య గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. మా ఊళ్లో ఎవరు ఇల్లు కట్టినా, అడవి నుంచి దూలం మోసుకొచ్చేవాళ్లను వరసలో నిలబెట్టేది ఆయనే. ఎవరి భుజం ఎవరికి సరితూగుతుందో చేత్తో తడిమి చూసి మరీ నిలబెట్టేవాడు. ఆయన లేచి గోడ మీది అద్దం దించాడు. పక్కింటి అక్కను పిలిచి, చట్రం ఊడిపోయిన ఆమె చేతి అద్దం కూడా అడిగాడు.

"అది పగిలిందంటే మీ మనవరాలికి జడెవులేత్తారో సూడండి" అంటూ ఇచ్చి, అక్క కూడా చూడటానికి నిలబడిపోయింది.

తాతయ్య గోడ అద్దాన్ని అరుగు మీద వెల్లకిలా పెట్టాడు. నేను పేర్చిన గుళ్లు తీయించి, తుడిపించి, దాని మీద పోయించాడు. వాటి పైన చేతి అద్దం బోర్లించి, నన్ను అరుగుకు చెంప ఆనించి పక్క నుంచి చూడమన్నాడు. ఆ తర్వాత పై అద్దాన్ని మెల్లగా జరిపాడు. కొత్త గుళ్లు దొర్లాయి. పాతవి ఉన్నచోటే కూర్చున్నాయి, నెత్తి మీద అద్దం పోతున్న సంగతే పట్టనట్టు.

"సూడు. మోసేటోళ్లెవులు? ఊరికే నడిసేటోళ్లెవులు?"

"కొత్తోళ్లే మోత్తన్నారు తాతా!"

"పొడుగోణ్ణీ పొట్టోణ్ణీ కలిపి దూలం కింద నిలబెడితే పొడుగోడి భుజమే పుండైపోద్ది. పొట్టోడు సెయ్యెత్తి ముట్టుకుంటాడంతే. ఆడు సెడ్డోడు కాదే, ఆడికందదు. ముందు పొడుగోడు కూలబడతాడు. అప్పుడు దూలం పొట్టోడి మీద పడతాది, ఆడూ కూలబడతాడు."

పుస్తకంలోని వాక్యానికి కారణం నాకు అప్పుడు దొరికింది. అరిగిన పాతవి కంటికి తెలియనంత చిన్నవైపోయాయి, బరువంతా కొత్తవాటి మీదే. అయితే కొత్తవన్నీ ఒకే పక్క వేద్దామన్నాను. గొలుసున్న కుడివైపే మోత ఎక్కువ, అందుకని అటు. తాతయ్య తలూపాడు. పాతవాటిని కొన్నేసి చొప్పున అద్దాల మధ్య వేసి, ఒకదానికొకటి సరితూగేవాటిని ఏరాం. రెండు పక్కలవీ కలిపితే ఎడమ కప్పుకు సరిపోయాయి. అక్క మా ఇద్దరికంటే ఎక్కువ ఏరింది. కప్పును మరీ బిగిస్తే తిరగదు, వదిలితే ఊగుతుంది. పెడల్ కడ్డీని ఊపి చూస్తూ, ఊగడం ఆగిన చోట ఆపాను. తాతయ్య పెడల్‌ను ఒంటివేలితో వెనక్కి తోశాడు. అది తిరిగి తిరిగి, తనంతట తానే ఆగింది.

సంతరోజు తాతయ్య సైకిల్ ఎక్కలేదు. నన్ను ఎక్కించి తాను పక్కన నడిచాడు. మేకలు అమ్మేచోట ఆగి, ఒకదాని చెవి పట్టుకుని అటూ ఇటూ చూసి, "దీనికి పెడల్ నేదే" అని వదిలేశాడు. అక్కడి నుంచి నేరుగా హైస్కూలుకు తీసుకెళ్లి నా పేరు రాయించాడు.

ఇప్పుడు నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ను. బీరువాలో దేన్నీ వదలని అలవాటు ఇంకా ఉంది. కారణం రాయని వాక్యం కనబడితే మాత్రం దాటిపోను, ఆ కారణం ఇంకెక్కడుందో వెతుకుతాను. పిల్లలకు పనులు పంచినప్పుడు, ఇంట్లో పండక్కి వంటలు పంచుకున్నప్పుడు, అందరికీ సమానంగానే వచ్చిందని ఎవరో ఒకరు అంటారు. నేను కాదనను. కాస్త వంగి, పక్క నుంచి చూస్తాను. అద్దం ఎవరి మీద ఆనిందో అక్కడి నుంచే కనబడుతుంది.