వార్చని అన్నం

అరవైల చివర రాజాంలో నలుగురు బ్రహ్మచారి మేష్టర్లం ఒకే ఇంట్లో ఉండి, వంతులవారీగా వండుకునేవాళ్లం. ఎన్ని చదివినా వంట మాత్రం నాకు వంటబట్టలేదు. నా వంతు రోజున మిగతా ముగ్గురికీ ఉపవాసాలు గుర్తొచ్చేవి. వంటమనిషి కావాలని అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పాకల్లోంచి యాభై దాటిన ఒకాయన వచ్చాడు. ముందు ఒక పూట వండమన్నాం. ఈ పని దొరక్కపోతే భార్యతో మరో ఊరు వెతుక్కోవాలని ఆయనే చెప్పాడు.

మావైపు అన్నం గంజి వార్చి, మెతుకుకి మెతుకు అంటకుండా దించాలి. ఆయన కంగారులో వార్చడం మరిచాడు. అన్నం ముద్దయింది. ఇదెక్కడి పద్ధతని అడిగితే దాచలేదు. యుద్ధంలో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నాక వాళ్ల సిపాయిలకు మూడేళ్లు వండాడట. వార్చిన అన్నం వాళ్లు తినే పుల్లలకు చిక్కదట.

మాలో లెక్కల మేష్టారు కంచం తోసేశారు. ఆయన మేనమామ ఆ జపాను బాంబులకే రంగూన్ వదిలి కాలినడకన బయల్దేరి, ఇల్లు చేరలేదు.

"మావాళ్లు నడిచి నడిచి చచ్చేరు. నువ్వేటి, వాళ్లకి వండిపెట్టేవా?"

"నడవగలిగినోలు నడిసేరు బాబూ. నా ఇంటిదానికి నెలలు నిండున్నాయి. ఉండిపోనాం. తుపాకీ ఎట్టి వండమన్నారు, వండేను. మంచిపని సేసేనని ఎవులికీ సెప్పనేదు."

తీర్పు చెప్పడానికి నేనెవణ్ని? ఇన్‌స్పెక్టరు బడి తనిఖీకి వస్తాడంటే ముందురోజు నుంచే 'చిత్తం' సాధన చేసేవాణ్ని. తల వంచుకుని తిన్నాను. నా వంటకన్నా బాగానే ఉంది.

వంటాయన గిన్నెలు తోమి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. లెక్కల మేష్టారు చొక్కా తొడుక్కుని పాకలవైపు నడిచారు. పోట్లాటకేమోనని నేనూ వెంటపడ్డాను.

పాక ముందు వంటాయన కూర్చునున్నాడు, భార్య మూట కడుతోంది. మేష్టారు ఆమెనే చూస్తూ నిలబడ్డారు.

"అప్పుడు పుట్టిన బిడ్డ?"

"ఆడపిల్ల బాబూ. నౌపడలో ఉప్పు మడుల్లో పని సేస్తాది. ఇద్దరు పిల్లలు దానికి," అందావిడ.

నడిచినవాళ్లు ఏ దారిన పోయారని మేష్టారు వంటాయన్ని అడిగారు. ఆయన మట్టిలో వేలితో గీసి చూపించాడు, ఏరు ఎక్కడ దాటారో, ఎక్కడ కొండ మొదలయ్యిందో. అంతవరకే తనకి తెలుసన్నాడు. మేష్టారు ఆ గీత పక్కన గొంతుక్కూర్చుని, తెలిసినంతా రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత లేచి పంచె దులుపుకున్నారు.

"బడి వేళవుతోంది. దార్లో వంకాయలు కొందాం, పద," అన్నారు వంటాయనతో.

ఆవిడ మూట ముడి విప్పసాగింది.