వెచ్చగా ఉండాల్సిన సీసా

అప్పుడు మా అమ్మాయికి నాలుగో ఏడు. జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం. ఆ వేసవిలో దానికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. మందులు పట్టాం, ప్రార్థన చేయించాం, తగ్గలేదు. నందిగామ డాక్టరుగారు చూసి, విరేచనం సీసాలో పట్టి తెమ్మన్నారు, మైక్రోస్కోపులో చూడాలని.

నేను బడి మొహం చూడనిదాన్ని. మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలే నా చదువు. ఎండకి ఏదైనా పాడవుతుందని మాత్రం తెలుసు. పాలగిన్నెకి చుట్టినట్టే సీసాకి తడిగుడ్డ చుట్టి, బస్సులో రెండుసార్లు నీళ్లు కూడా చిలకరించాను.

లాబ్ చూసే ఆయన గుడ్డ విప్పుతూ నవ్వాడు.

"ఏంటమ్మా, పెరుగమ్మటానికొచ్చారా?"

మైక్రోస్కోపులో చూశాక ఆ నవ్వు పోయింది. "ఈ పురుగుల్ని బతికుండగా చూడాలమ్మా. చల్లబడితే ముడుచుకుంటాయి. కదలకపోతే పురుగో, చీముకణమో ఎట్టా చెప్పను? ఈసారి ఒంటికి ఆనించుకుని వెచ్చగా తెండి."

మర్నాడు ఆదివారం, లాబ్ లేదు. పిల్ల నీళ్లు కూడా మింగలేకపోయింది. సోమవారం దాన్ని భుజాన వేసుకుని, సీసా బొడ్లో దోపుకుని వెళ్లాను.

ఆయన మైక్రోస్కోపు మీద గొట్టం పెట్టి కెమెరా బిగించి ఉంచాడు, పెద్ద డాక్టర్లకి చూపించటానికట. "చూస్తారా? తొందరగా చూడండి. బల్బు వేడికి ఇవీ చచ్చిపోతాయి."

చూశాను. గాజులాంటి ముద్ద ఒకటి పక్కకి కాలు సాచినట్టు సాగి, మిగతా ఒంటిని వెనకాల లాక్కుంటోంది. దాని కడుపులో నాలుగు గుండ్రటి చుక్కలు.

"ఆ చుక్కలేంటండీ?"

"నెత్తురు కణాలమ్మా. మింగింది."

"మా పిల్లదా?"

ఆయన కెమెరా నొక్కాడు.

డాక్టరుగారు మందు మార్చారు. అప్పటికే పేగుకి చిల్లు పడిందన్నారు. బుధవారం పొద్దున్నే పిల్ల పోయింది.

దానికి మేం ఒక్క ఫొటో కూడా తీయించలేదు. బడిలో వేసేటప్పుడు తీయిద్దాంలే అనుకున్నాం. నెల తర్వాత నేనే లాబ్‌కి వెళ్లి, ఆ రోజు కెమెరాలో తీసిన ఫొటో అడిగాను.

"అదెందుకమ్మా? సరిగా కూడా రాలేదు, అది కదిలింది" అన్నాడు.

"కదిలినా ఫరవాలేదండీ, ఇవ్వండి."

కాగితంలో పెట్టి ఇచ్చాడు. నా తడిగుడ్డ వల్ల రెండు రోజులు పోయిన సంగతి ఆయన ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. అందుకు ఇవాళ్టికీ ప్రార్థనలో ఆయన్ని తలుచుకుంటాను.

ఫొటో నా పెట్టెలోనే ఉంది. బూడిదరంగు మసక, అందులో నాలుగు చుక్కలు. ఆ చుక్కలనే చూస్తాను. అవి మా అమ్మాయివి.