గట్టు దాటిన మా అత్త

పోయిన బుధవారం పొద్దున్నే లౌటోకా పక్క లోవు ఊరి నుంచి మామయ్య ఫోను చేశాడు. "మీ అత్త పోయిందమ్మా. నిద్దర్లోనే పోయింది. నాతో ఒక్క మాటైనా దెబ్బలాడకుండా పోయింది, చూడు," అన్నాడు. ఆ చివరి మాటకి సువాలో నా వంటింట్లో నేను కూలబడి ఏడ్చాను. ఎందుకంటే వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు కాకముందు పక్కపక్క పొలాల్లో బద్ధశత్రువులు.

అత్త మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే మొగుడు పోతే నాన్న ఇంటికి తెచ్చుకున్నాడు. తన చెరకు పొలంలో ఒక ముక్క ఆమె చేతికి వదిలాడు. ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొత్తల్లో సంగతి ఇది. ఆ ముక్కని ఆనుకునే మామయ్య పొలం. అప్పటికి ఆయనకి పెళ్లి లేదు, ఆయన ఎద్దుకి పలుపు లేదు. అత్త గట్టు మీద నిలబడి, ఎద్దుని బయిల్ అనీ చెరకుని గన్నా అనీ అనే మా హిందీ కలిసిన తెలుగులో అరిచేది.

"ఏయ్, తుమార్ బయిల్ మళ్లా మా గన్నాలో పడిండాది! కట్టేసేది తెలీదా నీకు?"

"గన్నా తియ్యగుంటే బయిల్ వస్తాది. నేను రాలేదు గదా!" అని ఆయన అవతలి నుంచి.

మా దగ్గర చెరకు కోత గ్యాంగు పని. చుట్టుపక్కల రైతులు గ్యాంగు కట్టి, వంతులవారీగా ఒకరి చెరకు ఒకరు కోస్తారు. ఎవరి పొలంలో కోత అయితే ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే అందరికీ భోజనం. ఎంత పగ ఉన్నా వడ్డించాల్సిందే, కూర్చుని తినాల్సిందే. మామయ్య వంతు రోజున అత్త ఆయన కాచిన పప్పులో గరిటె తిప్పి, "పప్పు ఎక్కడ మునిగిందో వెతకండి," అనేది. ఆమె వంతు రోజున ఆయన కూర మళ్లీ మళ్లీ వేయించుకుని, "ఆకలికి తింటా ఉండా, అంతే," అనేవాడు.

ఒక ఏడు, కోత అయ్యాక మిగిలిన చెత్తకి అత్త గాలివాటు చూసుకోకుండా నిప్పు పెట్టింది. మంట గట్టు దాటి ఆయన చెరకుని అంటుకుంది. కాలిన చెరకు వెంటనే కొయ్యకపోతే పులిసిపోతుంది. అందుకని వంతులన్నీ పక్కనపెట్టి గ్యాంగు దాన్నే ముందు కొయ్యాలి. అందరూ తిట్టుకుంటూ వచ్చేసరికి అత్త అప్పటికే ఆ మసిలో దిగి కోస్తోంది. పక్క సాలులో ఆయన.

"కావాలని పెట్టలేదు," అందట అత్త.

"తెలుసులే. కావాలని చేసేదైతే ఊరంతా వినేట్టు అరిచి చేస్తావు."

అత్త నవ్వేసింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలని మా అమ్మ చెప్పేది.

అత్త ఆయనతో పెళ్లి మాట ఎత్తగానే నాన్న ససేమిరా అన్నాడు. వితంతువుకి మళ్లీ పెళ్లా, అదీ ఆ ఎద్దువాడితోనా! "గట్టు దాటితే నాకు చెల్లెలు లేదు," అన్నాడు.

"మన తాతలు సముద్రం దాటినారు. నేను గట్టు దాటితే తప్పా అన్నా?" అంది అత్త. ఏడ్చింది, దాటింది.

నాన్న మాట తప్పలేదు. చెల్లెలితో మాట్లాడలేదు. కానీ గ్యాంగు భోజనం ఎగ్గొట్టడానికి లేదు కదా, వాళ్ల వంతు రోజున వెళ్లి తలొంచుకుని తినేవాడు. "ఇంకొంచెం అన్నా?" అంటే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. "కనీసం చేత్తోనన్నా బదులిస్తాడు," అని అత్త అందులోనే సంబరపడేది. తర్వాత కౌలు గడువులు తీరి చాలామంది పొలాలు వదిలేశారు, గ్యాంగు చెదిరిపోయింది. ఆ భోజనాలూ పోయాయి. నేను సువా నుంచి వెళ్లినప్పుడల్లా అత్త ఒకటే అడిగేది. "మీ నాయన నన్ను గురించి ఏమన్నా అన్నాడా?" లేదత్తా అంటే, "మొండోడు," అని నవ్వి, రొట్టె పెట్టేది. వండి పెట్టడం తెలిసినంతగా కోపం పెట్టుకోవడం ఆమెకి తెలీదు. నాన్న మీద మాత్రం నాకు చచ్చేంత కోపం వచ్చేది, ఇప్పటికీ ఉంది.

దహనం రోజున నాన్న కర్ర పట్టుకుని, ఎవరి సాయమూ వద్దని, గట్టు దాటి వచ్చాడు. అత్త తల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాం. మాట్లాడటం మొదలుపెట్టాడు.

"చెల్లే, ఈ తడవ వానలు లేవు చూడు. నా మోకాలు సరిగా లేదు. మా కోడి ఒకటి మీ పెరట్లో గుడ్లు పెడతా ఉండాదంట, ఉంచుకో..." అలా చెబుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లు దాచుకున్నవన్నీ ఒక వరస లేకుండా చెబుతున్నాడు. పూజారి గొంతు సవరించుకున్నాడు. బండి వచ్చి చాలాసేపయింది. పాడె మొయ్యడానికి మగవాళ్లు ముందుకొచ్చారు.

"ఉండండి, చెప్పనీ. ఆమెని విననీ," అని మామయ్య వాళ్లని ఆపాడు. మెల్లగా లేచి వెళ్లి, అత్త తలవైపు గరగరమంటున్న ఫ్యాను ఆపేశాడు.