సున్నం పూసిన కిటికీ అద్దాలు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు కిటికీల గురించే అడుగుతారు. గోడలకు సున్నం వేసేటప్పుడు అద్దాల మీద కూడా పడిందా, తుడవడం మరిచిపోయారా అని. మరిచిపోలేదు. ఆ సున్నం కావాలని పూసిందే.

అంతకుముందు మేము మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. పాపకు అప్పుడు ఆరు నెలలు. తలుపు తీస్తే ఊక దుమ్ము, వాన పడితే కారే కప్పు. ఆ వానాకాలమంతా పాప దగ్గుతూనే ఉంది. ఒక రోజు ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం చూసి దవాఖానకు పరుగెత్తాం. ఎనిమిది రోజులు అక్కడే ఉన్నాం. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఒకటే మాట అంది, "వచ్చే వానలకు ఈ పిల్లను ఆ గదిలో ఉంచొద్దమ్మా."

నేను వృక్షశాస్త్రంతో బీయెస్సీ చదివాను. ఊపిరితిత్తుల గురించి పాఠాల్లో ఉన్నంత తెలుసు. ఆ తెలిసినదంతా నాకు భయపడటానికే పనికొచ్చింది. పాప నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరులు లెక్కపెట్టేదాన్ని.

ఇక వానలు వచ్చేలోపు సొంత ఇంట్లో చేరాలి. కాలువ వైపు కొనుక్కున్న జాగాలో పునాదుల దగ్గర ఆగిపోయిన ఇల్లు ఉంది. మా ఆయనే ఇటుకలు మోశారు, మాలు కలిపారు. నిడమనూరు నుంచి వచ్చిన ముసలి మేస్త్రి గోడలు లేపాడు. పొద్దున, సాయంత్రం గోడలకు నీళ్లు కొట్టడం నా పని. ఎండలు ముదిరేసరికి కప్పు పడింది, తలుపులు వచ్చాయి. కిటికీలే రాలేదు. గాజు పలకలు హైదరాబాద్ నుంచి ఎండుగడ్డి నింపిన పెట్టెలో ముందే దిగాయి. చట్రాలు మాత్రం సూర్యాపేట వడ్రంగి దగ్గరే ఉండిపోయాయి. అడిగినప్పుడల్లా రేపు అనేవాడు.

పన్నెండు పలకలు గోడకు ఊరికే ఆనించి ఉంటే నాకు మా కాలేజీలోని గ్లాస్ హౌస్ గుర్తొచ్చింది. మిగిలిన ఇటుకలతో పెరట్లో మోకాలెత్తు గోడ పెట్టి, వెదురు కర్రల మీద ఆ పలకలు వాల్చాను. లోపల వంగ, టమాట, మిరప నార్లు పోశాను. ఇంట్లో దిగేనాటికి నాటడానికి మొక్కలు సిద్ధంగా ఉండాలని పైకి చెప్పాను. ఆ నారు దగ్గర కూర్చున్నంతసేపూ నేను ఊపిరులు లెక్కపెట్టలేదు. అసలు సంగతి అదే.

మేస్త్రి చూసి నవ్వాడు.

"గిదేంది బిడ్డా! మీ ఇంటికే ఇంక కిటికీలు లెవ్వు, వంగనారుకు అద్దాల మేడ కడుతున్నవా?"

"కాలేజీలో ఇట్లనే పెంచేవాళ్లం తాతా."

"ఆడ ఏం ఎండ ఉంటదో ఏమో. ఈడ మనమే ఉడుకుతున్నం."

చదువుకున్నదాన్ని కదా, వినలేదు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం పలక ఎత్తితే ఆవిరి మొహాన కొట్టింది. టమాట నారంతా వండిన ఆకుకూరలా నేలకు అంటుకుపోయింది. మిరప, వంగ తలలు వాల్చేశాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. గుప్పెడు నారుకు అంత ఏడుపు అవసరం లేదని తెలుసు. చేతిలో పెట్టిన ఏ ప్రాణాన్నీ సరిగ్గా చూసుకోలేనేమోనని ఏడ్చాను.

మేస్త్రి లోపలి గోడలకని కలిపి పెట్టిన సున్నం కుండ, కుంచె తెచ్చి పలకలన్నిటి మీదా రెండు పూతలు వేశాడు. "మొక్కలకు గొడుగు పట్టిన. ఇగ సూడు," అన్నాడు.

రెండు రోజులకు మిరప, వంగ తల ఎత్తాయి. అప్పటికి నిలబడటం నేర్చిన పాప ఇటుక గోడ పట్టుకుని అక్కడే తిరిగేది. ఒక పలక మూలన కుంచె తగలని చోటు బొటనవేలంత మిగిలింది. దానికి కన్ను ఆనించి లోపలి ఆకులను చూసేది.

జ్యేష్ఠం చివరికొచ్చింది. ఆషాఢం వస్తే గృహప్రవేశాలు ఉండవు, శ్రావణం దాకా మళ్లీ ఆ మిల్లు గదే. ఆఖరి ముహూర్తం మూడు రోజులుందనగా చట్రాలు బస్సు మీద దిగాయి. అదే రోజు పడమట మబ్బు పట్టింది. నారు తీసి తడి గోనె కప్పి, పలకలు కడగడానికి కూర్చున్నాం. సున్నం వదల్లేదు. కొబ్బరి పీచుతో రుద్దినా వదల్లేదు.

మేస్త్రి తల గోక్కున్నాడు. "తుమ్మబంక కలిపిన బిడ్డా. గోడకు పట్టాలె గదా అని కలిపిన కుండ అది. అద్దానికి పూసేటప్పుడు ఆ సంగతే యాదికి రాలె."

మా ఆయన చింతపండు పులుసుతో రుద్దారు. పైపూత పోయింది, కింద పాలపొర ఉండిపోయింది. "సున్నం మీద పులుపు పనిచేస్తుందని ఏటేటా పాఠం చెప్తాను. ఇదేమో నా క్లాసులో కూర్చోలేదు," అన్నారు.

వేరే పలకలు తెప్పించే వ్యవధి లేదు. "ఇట్లాగే బిగించండి," అన్నాను. లప్పం పెట్టి ఆ పలకలనే బిగించారు.

పాలు పొంగించడానికి కోదాడ నుంచి వచ్చిన మా అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్, కొత్తింటికి అప్పుడే శుక్లాలొచ్చాయా?"

"దిష్టి తాకొద్దని నేనే పెట్టిన పెద్దమ్మా," అన్నాడు మేస్త్రి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దిష్టిచుక్క బుగ్గన పెడతారు గానీ కళ్లలో పెడతారటయ్యా?"

అందరూ నవ్వారు. పాలు పొంగాయి. ఆ సాయంత్రం మిరప, వంగ నారు కిటికీ కిందే నాటాను. మర్నాడు మధ్యాహ్నం వాన మొదలై మూడు రోజులు కురిసింది. తెల్లటి అద్దాల వెలుగులో పాప నిద్రపోతుంటే నేను పక్కన కూర్చుని దగ్గు కోసం విన్నాను. చినుకుల చప్పుడే వినిపించింది. ఆ వానాకాలంలో ఒక్క జలుబు వచ్చింది, వారంలో తగ్గింది.

ఇప్పటికి రెండేళ్లయింది. అద్దాలు మార్చేద్దామని మా ఆయన రెండుసార్లు కొలతలు తీసుకున్నారు. ఊక దుమ్ము లేదు, కప్పు కారడం లేదు, పాప అందుకే బాగుందని నాకు తెలుసు. అద్దానికీ దగ్గుకూ సంబంధం లేదని ఎవరికైనా నేనే చెప్పగలను. అయినా నిన్న ఆయన మళ్లీ టేపు పట్టుకుని వస్తే, "ఈ వానలు పోనివ్వండి," అన్నాను.

"పోయినేడు కూడా ఇదే అన్నావు."

ఆయన నా మొహం చూసి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. బయట చినుకులు మొదలయ్యాయి. అలవాటుగా నా చెవి పాప గది వైపు వెళ్లింది. పాప మంచమెక్కి, బొటనవేలంత చోటున్న ఆ పలకకు కన్ను ఆనించి ఉంది.

"అమ్మా," అని అరిచింది, "మిరపకాయ ఎర్రగైంది. వానల తడుస్తుంది, జల్ది రా!"