ముచ్చిక విరిచిన కేసెట్

మా పెదనాన్న ఆగిరిపల్లిలో మామిడితోటలు కౌలుకు చేసేవారు. ఒక వేసవిలో బెజవాడ వెళ్లి, అట్టలు తడిశాయని సగం ధరకు అమ్ముతున్న తొంభై నిమిషాల ఖాళీ కేసెట్లు రెండు డజన్లు కొన్నారు. వాటిని మామిడిపళ్లలాగే గంపలో గడ్డి పరిచి తెచ్చారు.

"ఇన్ని ఏం చేసుకుంటారండీ?" అంది పెద్దమ్మ.

"మన మాటలు దాచుకోవడానికి చోటుండాలి కదే!"

ఇంట్లో అందరి గొంతులూ రికార్డు చేశారు. కేసెట్ నిండగానే దాని వెనకున్న రెండు ప్లాస్టిక్ ముక్కల్ని, కాయకు ముచ్చిక విరిచినట్టు, గోటితో టక్కున విరిచేవారు. ఇక దానిమీద మరొకటి రికార్డు కాదు.

నేను ఒకదానికి ముక్కలు విరిచినచోట పడ్డ కన్నాల మీద కాగితం అంటించి రేడియో పాటలు ఎక్కించాను. చెరిగిపోయింది, అంతకుముందే పోయిన నాయనమ్మ గొంతు.

పెదనాన్న ఆ పాటలు చివరిదాకా విన్నారు. తరవాత నా చేతిలో కొత్త కేసెట్ పెట్టి, "చోటు కావాలంటే అడగొచ్చు కదమ్మా," అన్నారు. అంతే.

అది ఇప్పటికీ నా దగ్గర ఖాళీగానే ఉంది. మిగతా వాటిలో ఇంటిల్లిపాదీ మాట్లాడుతుంటారు, రికార్డు మీట నొక్కిన పెదనాన్న తప్ప. ఆయన బతికుండగా ఆయన్నీ ఒక్క మాట చెప్పమనడానికి నా దగ్గర తొంభై నిమిషాల చోటుండేది.