ఫైరింజను పక్కన ఖాళీ కొక్కేలు

పోయిన వారం ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. పాత ఫైరింజన్ల ఫోటోలు సేకరిస్తున్నాడట, పుస్తకం వేస్తాడట. మా మనవరాలు ఫోన్లో ఎవరికో పంపిన నా ఆల్బం చూసి, అందులో తొమ్మిదో ఫోటోని అట్ట మీద వేసుకుంటానని అడిగాడు. పంపు భాగం అంత శుభ్రంగా కనిపించే బొమ్మ తనకింకెక్కడా దొరకలేదన్నాడు. శుభ్రం అన్న మాట చెవిన పడగానే ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. అతని తప్పేమీ లేదు. ఆ బొమ్మ ఎందుకంత శుభ్రంగా ఉందో తెలిసిన ముగ్గురిలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

అరవైలలో నేను ఎల్.ఎం.ఇ. అనే ఇంజనీరింగు డిప్లొమా పాసై, సర్కారు ఉద్యోగానికి ఎంపికై, ఆర్డరు కోసం ఎదురుచూస్తూ మా అక్క ఇంట్లో తిని కూర్చునేవాణ్ణి. ఆ వయసులో అలా ఎదురుచూసిన కుర్రాడంత పనికిమాలినవాడు మరొకడుండడని మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా బావ సముద్రం వైపున్న ఒక ఊళ్ళో ఫైరింజను డ్రైవరు. ఆ ఊరి పేరు రాయను. నా దగ్గర స్నేహితుడిచ్చిన డబ్బా కెమెరా ఒకటుండేది. బస్సులెక్కి ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతి ఫైరింజన్నీ ఎడమవైపు నుంచే ఫోటో తీసి, నోటుబుక్కులో బండికో పేజీ చొప్పున గీతలు కొట్టి బండి నంబరు, నిచ్చెన పొడవు, గొట్టాలెన్ని, గంట ఏ వైపు అని వరసగా రాసుకునేవాణ్ణి. చివరి గడి పేరు 'విశేషం'. ఒకచోట కాపలావాడు నన్ను గూఢచారి అనుకుని కర్ర పుచ్చుకుని తరిమాడు. అతను నాలుగు దెబ్బలు వేసి ఆ కెమెరా పగలగొట్టి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

బావ బండిని వేసవిలో ఒక మధ్యాహ్నం తీశాను. సిబ్బంది అన్నాలు తిని కునుకు తీస్తున్నారు. ఆ బండికి ఎడమపక్క కొక్కేలకు, చెరువులోంచో కాలవలోంచో నీళ్ళు పీల్చే లావాటి నల్లగొట్టం వేలాడేది. పాతది, కాన్వాసు గుడ్డ అతుకులు, కొబ్బరితాడు కట్లు. అది పంపునీ, దాని మీటర్లనీ పూర్తిగా కప్పేసింది. తీసి పక్కన పెట్టమన్నాను.

"ఏం బామ్మర్దీ, ఫోటో కోసరం పెండ్లికూతురి తాళి తీపిస్తావేంది? అది లేకుండా బండి గేటు దాటకూడదబ్బయా," అని బావ నవ్వాడు. అయిదు నిమిషాల పనే కదా అన్నాను. ఇద్దరం కలిసి దాన్ని మోసుకెళ్ళి షెడ్డులో గోడవారగా పెట్టాం. ఒక ఫోటో తీశాను. ఎండ కాస్త వాలితే మీటరు మీద అంకెలు కూడా పడతాయని, ఇంకో ఫోటో అయ్యేదాకా ఉంచమన్నాను. చదువుకున్నవాణ్ణని బావకు నా మాట మీద గౌరవం. సరేనని బీడీ ముట్టించాడు.

అప్పుడే సముద్రం ఒడ్డున్న జాలర్ల పాలెం నుంచి ఒకతను సైకిలు మీద రొప్పుతూ వచ్చి పడ్డాడు. గంట మోగింది. సిబ్బంది కుడివైపు నుంచి ఎక్కారు, బావ స్టీరింగు పట్టుకున్నాడు, నేను వెనక మెట్టు మీదికి ఎగిరాను. గొట్టం సంగతి ఎవరికీ గుర్తురాలేదు. నాకసలే రాలేదు; మంటల ముందు ఫైరింజను ఫోటో ఎలా వస్తుందన్న దాని మీదే నా ధ్యాసంతా.

పాలెంలో తాటాకు ఇళ్ళు. సముద్రపు గాలి. పది అడుగుల దూరంలో ఉప్పుటేరు నిండుగా ఉంది. బావ బండిని గట్టు దాకా వెనక్కి నడిపి, దిగి, చూడకుండానే అలవాటుగా ఎడమపక్కకు చెయ్యి చాచాడు. చెయ్యి ఖాళీ కొక్కేన్ని పట్టుకుని ఆగిపోయింది. నా వైపు చూశాడు. తిట్టలేదు.

ట్యాంకులో నీళ్ళు కాసేపటికే అయిపోయాయి. షెడ్డుకి వెళ్ళి గొట్టం తెచ్చేలోపు తాటాకు ఆగదు. "ఏటి గట్టున నిలబడి నీళ్ళు లేవంటావేందిరా, నీ నోట మన్నుబడ!" అని ఒక ముసలామె బావ చొక్కా పట్టుకుంది. ఇంకెవరో నా మెడలో కెమెరా చూశాడు. "మన కొంపలు కాలతా ఉంటే బొమ్మలు దీసుకోను వచ్చినాడ్రా ఈ దొర!" తడి ఇసుక ముద్ద వచ్చి మొహాన తగిలింది. నేను ముందు కెమెరాని చొక్కా లోపల దాచుకున్నాను. ఆ తర్వాతే బిందె అందుకున్నాను. ఆ వరస ఇప్పటికీ మరిచిపోలేదు. ప్రాణాలు పోలేదు కానీ దక్షిణపు వరస ఇళ్ళన్నీ, వాటితోపాటు వలలూ బూడిదయ్యాయి.

విచారణలో బావ, గొట్టానికి అతుకు వేద్దామని తానే తీసి మరిచిపోయానని చెప్పాడు. పొద్దున్నే సామానంతా సరిచూసి సంతకం పెట్టేది డ్రైవరే కాబట్టి ఇంకెవర్నీ అడగలేదు. వరండాలో నిలబడ్డ నన్ను చూసి, నేను నోరు తెరవకముందే, "నువ్వు గమ్మునుండు. నీ ఆర్డరు రావాల," అన్నాడు. ఆయన మాట కాదనలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాట ఆయన నోట రావాలనే కాచుకుని ఉన్నాను. ఆయన ఉద్యోగం పోయింది, నాకు ఆర్డరు వచ్చింది. బావ బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు లారీ తోలుతూ బతుకు వెళ్ళదీశాడు.

ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన రోజు నా ట్రంకుపెట్టె సర్దుతూ అక్క ఆ నోటుబుక్కు తెరిచింది. తొమ్మిదో పేజీ, చివరి గడిలో, నా గుండ్రటి అక్షరాల్లో: 'స్పష్టత కోసం గొట్టం తీయించాను.' రెండుసార్లు చదివింది.

"ఎంత చక్కగా రాసినావురా, ఒక్క అక్షరం తప్పు పోలా. ఆ మాట ఆఫీసులో చెప్పేదానికి నోరు రాలేదా నీకు?"

తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా అక్క అన్నం పెట్టింది, మంచం వేసింది. తమ్ముడా అని మాత్రం పిలవలేదు.

నిన్న ఆ కుర్రాడికి నేనే ఫోన్ చేశాను. ఫోటో వేసుకో, కింద నా చివరి గడిలోని వాక్యం కూడా వెయ్యి అన్నాను. పాఠకులకి అదెందుకు సార్ అన్నాడు. అయితే ఫోటో లేదన్నాను.

ఇప్పటి ఫైరింజన్లకు సామానంతా తలుపుల వెనక ఉంటుంది. నున్నగా, ఎర్రగా, ఎటునుంచి తీసినా బొమ్మ బాగా వస్తుంది. లోపల గొట్టం ఉందో లేదో రోడ్డు మీద నిలబడ్డవాడికి తెలియదు. మా రోజుల్లో లేనిది లేదని పైకే కనిపించేది. ఆ పాలెంలో అందరూ చూశారు. ఆ గొట్టం ఎక్కడుందో తెలిసినవాణ్ణి మాత్రం బిందె పట్టుకుని వాళ్ళ మధ్యే తిరిగాను.