కౌన్సిలర్ గారి చెల్లెలు

కుర్రకారుకి ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్షలు చేసే కేంద్రంలో అతను తొమ్మిదేళ్లుగా కౌన్సిలర్. జబ్బు ఉందని తెలిసి బిక్కచచ్చిపోయిన పిల్లలకు మంచినీళ్లిచ్చి, అదే గ్లాసుతో తనూ తాగేవాడు. "చూశావా, నాకేమైనా అయిందా? రోజూ మాత్ర వేసుకుంటే నువ్వూ అందరిలాగే బతుకుతావు" అనేవాడు. ఆ మాటతో ఎందరికో పోయిన ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు అతని చెల్లెలే వచ్చి పరీక్ష చేయించుకుంది. బట్టల దుకాణంలో పనిచేసే ఇరవై ఏళ్ల పిల్ల. జబ్బు ఉందని తేలినా ఆమె ఏడవలేదు. "మా అన్నయ్య ఉన్నాడుగా" అని నర్సుతో అంది. అన్నకు తనే చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కంచం, గ్లాసు, సబ్బు విడిగా కిటికీలో ఉన్నాయి. వదిన పనేమో అనుకుంది.

"నేనే పెట్టాను" అన్నాడు అన్న, ఆమె మొహం చూడకుండా. "ఇంట్లో చంటిది ఉంది కదమ్మా."

"అలా అంటుకోదని నువ్వే చెప్తావు కదా అన్నయ్యా?"

"అది ఉద్యోగం. ఇది ఇల్లు."

నెల తిరక్కుండా ఆమె హాస్టల్‌కి మారిపోయింది. మందులు ఇంకో కేంద్రం నుంచి తెచ్చుకుంటోంది, ఆరోగ్యంగానే ఉంది. చెల్లెలు ఏదని ఎవరైనా అడిగితే, వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందంటాడు అతను. గొంతు తడబడదు. ధైర్యంగా మాట్లాడటం తొమ్మిదేళ్ల అలవాటు మరి.